చెరువులోని నత్త పేరు తెలిస్తే మనకేమి ప్రయోజనము?

చెరువులో, పంటకాలువలో, వరిమడిలో కనిపించే గుల్లజీవులన్నిటినీ మనము ‘నత్త’ అనే ఒక్క మాటతోనే పిలుస్తాము. నిత్యవ్యవహారానికి ఆ మాట చాలును. వైద్యానికి మాత్రము చాలదు. నత్తల ద్వారా వ్యాపించే పరాన్నజీవులలో చాలా వాటికి తమకు సరిపడే నత్త దొరికితేనే జీవితచక్రము ముందుకు సాగుతుంది. సరిపడని నత్తలో అవి పెరుగలేవు. అందుచేత ఒక చెరువు వలన మనుషులకు ఏ ముప్పు ఉన్నదో చెప్పాలంటే, అందులోని నత్త ఏ జాతిదో ముందుగా తేల్చుకోవాలి.

నేను వృత్తిలో ఉన్న రోజులలో, ఆఫ్రికాలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిన యువకుడొకడు మూత్రములో రక్తము పడుతున్నదని నా వద్దకు వచ్చాడు. సూక్ష్మదర్శినిలో, ఒక కొనన ముల్లు గల గ్రుడ్లు కనిపించాయి. అది బిల్హార్జియా వ్యాధి. ప్రాజిక్వాంటెల్ మందుతో అతనికి నయమైనది. కాని అతని తల్లి మనసు కుదుటపడలేదు. మరునాడు ఆమె ఊరి చెరువు నుంచి ఒక నత్తను సీసాలో వేసుకొని వచ్చింది. “డాక్టరుబాబూ, మావాడు వచ్చినకాడినుంచీ ఆ చెరువులోనే మునుగుతున్నాడు. ఊళ్ళో పిల్లలంతా అందులోనే ఈదుతారు. ఈ నత్తలకు వాడి జబ్బు అంటుకున్నదా?” అని అడిగింది.

ఆమె ప్రశ్న చాలా సరియైన ప్రశ్న. బిల్హార్జియా గ్రుడ్లు నీటిలో పడితే వాటినుంచి వెలువడే డింభకాలు నత్తలో చేరి, వృద్ధి పొంది, తిరిగి నీటిలోకి వచ్చి మనుషుల చర్మాన్ని తొలుచుకొని పోతాయి. మూత్రాశయానికి సోకే ఈ రకానికి ఆఫ్రికాలో ఆశ్రయమిచ్చేవి బులైనస్ ప్రజాతి నత్తలు. అట్టి నత్తలు ఉన్నచోట వ్యాధి కొత్తగా వేరూనగలదు. ఫ్రాన్సుకు చెందిన కోర్సికా ద్వీపములో కావు నదిలో ఈదినవారికి 2013లో ఈ వ్యాధి సోకినది. ఆ నదిలో బులైనస్ ట్రంకేటస్ అనే నత్త ఉన్నది.

ఇక సీసాలోని నత్త సంగతి. అది జంతికచుట్టు వలె బల్లపరుపుగా చుట్టుకొని ఉన్నది. గుల్లకు మూత లేదు. మనవారు కొందరు కూరవండుకొనే పెద్దనత్త పైలా. దానికి గట్టి మూత ఉంటుంది. పశువుల కాలేయపు జలగకు ఆశ్రయమిచ్చే లిమ్నియాకు కొనదేరిన గుల్ల, కుడివైపున తెరచిన నోరు ఉంటాయి. బులైనస్ గుల్ల కూడా కొనదేరినదే, కాని నోరు ఎడమవైపున ఉంటుంది. సీసాలోనిది ఇవేవీ కాదు. అది ఇండోప్లానార్బిస్ ఎగ్జస్టస్.

ఈ నత్త పేరుకూ ఒక చరిత్ర ఉన్నది. 1834లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెహే దీనిని ప్లానార్బిస్ ప్రజాతిలో చేర్చాడు. 1921లో ఆనండేల్, బేణీ ప్రసాద్ అనే శాస్త్రజ్ఞులు దీనికై ఇండోప్లానార్బిస్ అనే ప్రజాతిని ఏర్పరచారు. తరువాత జన్యుపరీక్షలు, రూపములో ఎంత భేదమున్నా దీనికి దగ్గరి చుట్టము బులైనసే అని తేల్చాయి. ఆసియాలోని వేర్వేరు ప్రాంతాల నత్తలను పోల్చి చూడగా, ఈ ఒక్క పేరు క్రింద పరస్పరము భిన్నమైన పలు జన్యుశాఖలు ఉన్నట్లు కూడా తెలిసినది.

చుట్టరికము ఉన్నంత మాత్రాన వ్యాధి ఒకటే కాదు. ఇండోప్లానార్బిస్‌లో మన దేశములో పెరిగేవి ముఖ్యముగా పశువుల రక్తనాళాలలో నివసించే షిస్టోసోమాలు. వాటిలో ఒకటి పశువుల ముక్కులో చేరి గురక వ్యాధిని కలిగిస్తుంది. వాటి డింభకాలు పొరపాటున మనిషి చర్మములో ప్రవేశించి అక్కడే చనిపోతాయి. అందువలన దురద, ఎఱ్ఱని పొక్కులు వస్తాయి. నాట్లు వేసేవారి కాళ్ళమీద కనిపించే దురదకు ఇదొక కారణము. ఇది మనిషినుంచి మనిషికి అంటదు.

ఆమెకు ఈ మాటే చెప్పాను: “అమ్మా, మీవాడి జబ్బును పెంచే నత్త ఇది కాదు.”

అయితే నిర్లక్ష్యము తగదు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామములో మనుషులకు మూత్రాశయ బిల్హార్జియా ఉన్నదని 1952లో గాడ్గిల్, షా ప్రకటించారు. అక్కడ వారు వాహకముగా గుర్తించినది చిన్న టోపీ వంటి ఫెర్రీసియా టెన్యుయిస్ అనే నత్త. కనుక ఆఫ్రికానుంచి తిరిగివచ్చినవారు మూత్రములో రక్తము కనిపిస్తే, తాము అక్కడ చెరువులలో, నదులలో దిగిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి. చికిత్స పూర్తి అయ్యేవరకు చెరువులో మూత్రవిసర్జన చేయరాదు.

పొలములో దిగిన తరువాత కాళ్ళకు దురద పుడితే గోకవద్దు. గట్టుకు రాగానే పొడిగుడ్డతో కాళ్ళు తుడుచుకొని, శుభ్రమైన నీటితో కడుగుకోండి. దురద సాధారణముగా వారము పదిరోజులలో తగ్గుతుంది. చీము పట్టినా, జ్వరము వచ్చినా వైద్యుని చూడండి. మీ పశువు గురకపెడుతూ ముక్కునుంచి స్రావము కారుస్తుంటే పశువైద్యునికి చూపించండి. పశువుకు నయమైతే చెరువులో చేరే గ్రుడ్లు తగ్గుతాయి, నాట్లు వేసేవారి కాళ్ళకూ మేలు జరుగుతుంది.