కడపట వచ్చినవాడిదే గెలుపు

మా ఇల్లు మంగళగిరిలో, గాలిగోపురం కనబడేటంత దూరంలో ఉన్నది. మా నాన్న నేతపనివాడు. యాభై ఏళ్ళపాటు గుంటమగ్గం మీద చీరలు నేశాడు.

గుంటమగ్గాన్ని మీలో కొందరు చూసి ఉండరు. నేలలో ఒక గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి ఆ గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి జారవిడిచి, అక్కడ ఉన్న చెక్కలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతాడు. కాలు నొక్కినప్పుడల్లా పడుగు దారాలు సగం పైకి, సగం కిందికి విడిపోతవి. ఆ సందులోనుంచి నాడె పరుగెత్తుతుంది. నాడె వెంట పేక దారం పోతుంది. ఒక చీర పూర్తి కావాలంటే కాళ్ళు కొన్ని వేలసార్లు తొక్కాలి.

ఈ వేసవిలో నాన్నకు మోకాళ్ళు బాగా నొప్పి చేసినవి. డాక్టరు చూసి, "గుంటలోకి దిగటం, ఎక్కటం ఇక మానెయ్యండి," అన్నారు. నాన్న ఏమీ అనలేదు. మగ్గం మీద ఒక చీర సగం నేసి ఉన్నది. ఇంటికి వచ్చి దాని మీద పాత దుప్పటి ఒకటి కప్పి, అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజునుంచి ఆయనకు మాటలు తగ్గిపోయినవి. అన్నం తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. మిగతా పొద్దంతా వీధికేసి చూస్తూ కూర్చునేవాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాము. "ఇట్లా కదలకుండా కూర్చుంటే కీళ్ళు మరింత బిగుసుకుపోతవి. సైకిలు తొక్కండి. ఒంటి బరువు సీటు మీద పడుతుంది కనుక మోకాళ్ళకు అంత శ్రమ ఉండదు. కాని నిదానంగా తొక్కాలి సుమా!" అన్నారాయన.

నాన్న సైకిలు మా పెరటి వసారాలో ఉన్నది. ఒకప్పుడు నేసిన చీరలను దాని వెనక కట్టుకుని నాన్న విజయవాడ దాకా వెళ్ళి వచ్చేవాడు. దాన్ని దులిపి, గొలుసుకు నూనె వేసి, కొత్త టైర్లు వేయించాను. మొదట మా వీధిలో, తరువాత గుడి చుట్టూ తొక్కాడు. కార్తికమాసంలో ఒక ఆదివారంనాడు, "ఉండవల్లి మీదుగా కృష్ణ దాకా పోయి వద్దామా?" అని నేనే అడిగాను. నాన్న తల ఊపాడు. పదకొండేళ్ళ మా అబ్బాయి తన సైకిలు తీసుకుని ముందే వీధిలోకి వచ్చి నిలబడ్డాడు.

మా అమ్మ ఒక సీసా నిండా పానకం కలిపి ఇచ్చింది. బెల్లం, మిరియాలు, ఏలకులు వేసిన పానకం. కొండమీది పానకాల స్వామికి నైవేద్యం పెట్టేది కూడా పానకమే. అందుచేత మా ఊళ్ళో ప్రయాణమైనా పండుగైనా పానకం లేనిదే జరగదు.

తెలతెలవారుతూ ఉండగా బయలుదేరాము. వెనక్కు తిరిగి చూస్తే గాలిగోపురం పదకొండు అంతస్తులూ మంచులో లేచి నిలబడి ఉన్నవి. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807–09 సంవత్సరాలలో కట్టించిన ఈ గోపురం ఎత్తు 153 అడుగులు. దాని వెనక మంగళగిరి కొండ పడుకున్న ఏనుగులాగా ఉన్నది.

ఎర్రబాలెం దాటేసరికి ఎండ వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నది. మావాడు జోరుగా తొక్కుకుంటూ ముందుకు పోవటం, మళ్ళీ వెనక్కు రావటం, "తాతయ్యా! ఇంకొంచెం జోరుగా తొక్కు," అనటం. తాతయ్య మాత్రం మగ్గం తొక్కినట్టే ఒకే తీరుగా తొక్కుతున్నాడు.

"మా బడిలో సైకిలు పందేలు పెడుతున్నారు, తాతయ్యా. జోరు పందెంలో నేను పేరు ఇచ్చాను. నిదానపు పందెం కూడా ఉన్నది. చేతకానివాళ్ళంతా అందులో చేరుతున్నారు," అన్నాడు మావాడు.

నిదానపు పందెం మీకు తెలిసే ఉంటుంది. అందులో అందరికన్నా వెనక వచ్చినవాడే గెలుస్తాడు. కాని కాలు నేలకు ఆనించరాదు, గీత దాటి పక్కకు పోరాదు.

నాన్న సైకిలు ఆపాడు. "అయితే నాతో వెయ్యి పందెం," అన్నాడు. చాలా రోజుల తరువాత ఆయన నోట అంత మాట వినటం నాకు అదే మొదలు.

రోడ్డు పక్క ఒక కరెంటు స్తంభం నుంచి తరువాతి స్తంభం దాకా పందెం. నేను చెయ్యి ఊపగానే ఇద్దరూ బయలుదేరారు. మావాడి సైకిలు నాలుగు బారలు పోయేసరికి ఎడమపక్కకు ఒరిగింది. గభాలున కాలు ఆనించాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఆరు బారలు. తాతయ్య హాండిలును ఇటూ అటూ తిప్పుకుంటూ, ఒక్కొక్క అడుగే నడిచే మనిషిలాగా సైకిలు మీద పోతున్నాడు. ఆయన రెండో స్తంభం చేరేలోగా మావాడు మూడుసార్లు కాలు ఆనించాడు.

"ఇదెట్లా, తాతయ్యా?" అన్నాడు మావాడు ముఖం ఎర్రగా చేసుకుని.

"అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడతావు చూడు, అదే ఇది. కర్ర ఎటు పడబోతే చెయ్యి అటే జరుపుతావు. సైకిలు ఎటు ఒరిగితే హాండిలు అటే తిప్పాలి. నువ్వు భయపడి అవతలికి తిప్పుతున్నావు," అన్నాడు నాన్న.

ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. ఎడమకు ఒరిగినప్పుడు హాండిలు ఎడమకు తిప్పితే, చక్రాలు ఆ పక్కకు జరిగి మళ్ళీ మన బరువు కిందికి వస్తవి. సైకిలు జోరుగా పోయేటప్పుడు హాండిలు కొంచెం కదిలితే చాలు, చక్రాలు తటాలున మన కిందికి వచ్చేస్తవి. మనం తిప్పినట్టు మనకే తెలియదు. మెల్లగా పోయేటప్పుడు చక్రాలు జరగటం ఆలస్యమవుతుంది కనుక హాండిలును చాలా ఎక్కువగా, సరిగ్గా సమయానికి తిప్పాలి. అందుచేత జోరుగా తొక్కటంకన్నా నిదానంగా తొక్కటమే కష్టం.

పెనుమాక దగ్గర కూరగాయల మళ్ళు, పూలతోటలు, అరటితోటలు వచ్చినవి. ఒక కాలువ గట్టున ఆగి పానకం తాగాము. నీళ్ళ పైన నలుపూ తెలుపూ రెక్కలున్న లకుముకి పిట్ట ఒకటి గాలిలో కట్టేసినట్టు ఒకే చోట నిలబడి ఉన్నది. ముక్కు కిందికి, కళ్ళు నీళ్ళ మీద. రెక్కలు మాత్రం కంటికి ఆననంత జోరుగా కొట్టుకుంటున్నవి. కాసేపటికి బాణంలాగా నీళ్ళలో పడి, చేపపిల్లతో లేచింది.

"అదుగో, నిదానపు పందెం!" అన్నాడు మావాడు. నాన్న నవ్వాడు.

ఉండవల్లిలో ఇడ్లీలు తిని గుహల దగ్గరికి వెళ్ళాము. అవి చాలా ప్రాచీనమైనవి. కొండను తొలిచి నాలుగు అంతస్తుల ఆలయం చేశారు. పైన, పడుకుని ఉన్న పెద్ద విష్ణుమూర్తి విగ్రహం ఉన్నది. నాన్న మెట్లు ఎక్కలేడు కనుక కిందనే ఉన్నాడు. మేము చూసి దిగివచ్చేసరికి ఆయన కింది అంతస్తును చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ అంతస్తు పని పూర్తి కాలేదు. శిల్పులు ఎందుచేతనో దాన్ని సగంలోనే వదిలేశారు.

"వీళ్ళకూ సగంలోనే ఆగిపోయింది," అన్నాడు నాన్న, తనలో తాను అనుకుంటున్నట్టు.

నాకు మా ఇంట్లో దుప్పటి కప్పిన మగ్గం గుర్తుకు వచ్చింది. ఏమి చెప్పాలో తోచక సైకిలు తీసుకున్నాను.

అక్కడినుంచి సీతానగరం చేరి ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చాము. అవతలి ఒడ్డున ఇంద్రకీలాద్రి, దాని మీద కనకదుర్గ గుడి, ఆ వెనక విజయవాడ నగరం. ఇక్కడ 1855 నాటికే ఒక ఆనకట్ట పూర్తి అయింది. కెప్టెన్ ఓర్ ఆ పని జరిపించాడు. అది 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957లో ఈ బ్యారేజీ పూర్తి చేసి, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. దీని పొడవు 1,223 మీటర్లకు కొంచెం పైన. దీనికి 70 పెద్ద గేట్లు ఉన్నవి.

"ఇంత గోడ కట్టి నీళ్ళను ఎందుకు ఆపటం?" అని అడిగాడు మావాడు.

ఆపటం కాదు, నిదానింపజేయటం. నీటిమట్టాన్ని కొంత ఎత్తు చేసి రెండు పక్కలా కాలువలలోకి పంపుతారు. అటు బందరు కాలువ, ఏలూరు కాలువ. ఇటు సీతానగరం నుంచి పశ్చిమ డెల్టా కాలువ దుగ్గిరాల వైపు పోతుంది. కాలువకు కంటికి తెలియనంత కొద్దిపాటి వాలు ఇస్తారు. వాలు ఎక్కువైతే నీరు పరుగెత్తి గట్లను కోసేస్తుంది. మరీ తక్కువైతే ఒండ్రు పేరుకుని కాలువ పూడిపోతుంది. ఆ సరైన నడక తెలిసినవాడే ఇంజనీరు. ఆ నిదానంలోనే డెల్టాలోని వరిచేలన్నీ పండుతున్నవి.

ఆ నడక తప్పితే ఏమవుతుందో కూడా మేము చూశాము. 2024 సెప్టెంబరు మొదట్లో ఇదే బ్యారేజీ గుండా సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు పోయింది. ఒక ఘనపుటడుగు అంటే 28 లీటర్లకు పైన. అంత వరదలో పెద్ద పడవలు కొట్టుకువచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నవి. ఆ రోజులలో విజయవాడలో ఎందరి ఇళ్ళో బుడమేరు వరదలో మునిగినవి. ఈరోజు అదే నీరు గేట్ల వెనక అద్దంలాగా నిలబడి ఉన్నది.

నాన్న పిట్టగోడ పట్టుకుని చాలాసేపు నీళ్ళను చూశాడు. తరువాత నాకేసి తిరిగి, "నీకు నేత ఇంకా గుర్తున్నదా?" అని అడిగాడు.

చిన్నప్పుడు నాన్న నాకు నేర్పాడు. నేను ఎప్పుడూ తొందరపడేవాణ్ణి. పేకను ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా కొట్టేవాణ్ణి. తరువాత చదువు, ఉద్యోగం వచ్చినవి. మగ్గం దిక్కు చూడలేదు.

"కొంచెం గుర్తుంది," అన్నాను.

"నేను గుంటలో దిగలేను. పక్కన కుర్చీ వేసుకుని కూర్చోగలను," అన్నాడు నాన్న.

తిరిగి వచ్చేటప్పుడు మావాడు ముందుకు పోలేదు. దారి పొడుగునా తాతయ్య పక్కనే, హాండిలు తిప్పుకుంటూ, నిదానం నేర్చుకుంటూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మూడు గంటల ఆలస్యానికి అమ్మ కోప్పడింది గాని, నాన్న రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకోవటం చూసి ఊరుకున్నది.

సాయంకాలం దుప్పటి తీశాము. నేను గుంటలో దిగాను. మావాడు కండెలు చుట్టాడు. నాన్న కుర్చీలో కూర్చుని, "నిదానం... నిదానం... ఇప్పుడు కాలు మార్చు," అని చెబుతూ ఉన్నాడు. దీపాలు పెట్టే వేళకు నేను నేసింది నాలుగు వేళ్ళ మేర మాత్రమే. నాన్న వేలితో దాన్ని రాసి చూసి, ఒకచోట ఆగి, "ఇక్కడ తొందరపడ్డావు," అన్నాడు. ఆ రెండు దారాలూ తీసి మళ్ళీ నేశాను.

ఆ చీర ఇంకా పూర్తి కాలేదు. కాని దాని మీద ఇప్పుడు దుప్పటి లేదు. మావాడు బడిలో జోరు పందెంనుంచి తన పేరు తీయించి, నిదానపు పందెంలో రాయించుకున్నాడు. రోజూ సాయంకాలం గాలిగోపురం వీధిలో తాతయ్యా మనవడూ పందెం వేసుకుంటున్నారు. ఇప్పటిదాకా రోజూ వెనక వస్తున్నది తాతయ్యే.