బండి వాలులో ఆపరా!

మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. బండి ఎక్కడ ఆపబోయినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే... ‘వాలు చూసి ఆపరా’. సెల్ఫ్ పనిచేయకపోయినా బండి దొర్లితే చాలు, స్టార్టయిపోతుందని ఆయన ధీమా. ‘‘ఇది మీ కాలం బస్సు కాదు నాన్నా’’ అని నవ్వేసేవాణ్ని. ఆ నవ్వు గండికోటలో ఆగిపోయింది.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట ఓ పాత డీజిల్ వ్యాన్ కొన్నా. వెనక సీట్లు మడిస్తే ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. అందులో అమ్మానాన్నల్ని తిప్పాలని నా ఆశ. నాన్న శ్రీశైలం సర్వీసు ఎన్నిసార్లు నడిపారో లెక్కే లేదు. గుడి లోపలికి వెళ్లింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డ్యూటీ దిగితే నిద్ర, లేస్తే మళ్లీ స్టీరింగ్. ఊళ్లన్నీ ముందు అద్దంలోంచే చూసిన మనిషి.

ఒక్కటే చిక్కు. నాన్నకి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు. వాడుతున్న పెన్ను బయట నాలుగు వారాల వరకూ ఉంచొచ్చు కానీ వేడి తగలకూడదు. తెరవని పెన్నులైతే 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. అలాగని గడ్డకట్టినా పనికిరావు. ఏప్రిల్ ఎండల్లో 12 రోజుల టూర్ అంటే ఎలా? 12 వోల్టుల పోర్టబుల్ ఫ్రిజ్ ఒకటి కొని, డ్యాష్‌బోర్డు మీది సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చా. మా వ్యాన్‌లో తాళం తీసేసినా ఆ సాకెట్‌కి కరెంటు వస్తుంది. ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నా.

ఆ సాయంత్రం గండికోట చేరేసరికి పెన్నా లోయ మీద ఎండ ఎర్రగా పడుతోంది. ‘‘అదిగో, అక్కడ కాస్త వాలుగా ఉంది’’ అన్నారు నాన్న. నేను ఫొటో బాగా వస్తుందని చదునుగా ఉన్న చోట ఆపా. రాత్రంతా ఫ్రిజ్ నడిచింది, చిన్న ఫ్యాన్ తిరిగింది. అన్నట్టు, ఇలాంటి ఫ్రిజ్‌లకి బ్యాటరీ మరీ దిగిపోకుండా తనంతట తానే ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది. మధ్యరాత్రి ఆగిపోతే ఎలా అని, దాన్ని అన్నిటికంటే కింది మెట్టులో పెట్టింది నేనే!

తెల్లారి తాళం తిప్పితే ‘టక్... టక్... టక్’. అంతే. ఫ్రిజ్ ఎప్పుడో ఆగిపోయింది. లోపల 17 డిగ్రీలు. బ్యాటరీకి మీటర్ పెడితే 11.3 వోల్టులు. నిండుగా ఉంటే 12.7 దాకా చూపించాలి. తొమ్మిదింటికే రాళ్లు కాలడం మొదలైంది. అమ్మ ఇన్సులిన్ పెన్నుల్ని తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టింది.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. వెళ్లి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నారు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు, బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు ముగ్గురు, నేను... అందరం కలిసి తోశాం. చదును నేల కదా, ప్రాణాలు పోయాయి. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి బండి ఊపందుకోగానే నాన్న రెండో గేర్లో క్లచ్ వదిలారు. బండి ఒక్కసారి ఎగిరిపడి, నల్లపొగ వదిలి స్టార్టయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. డాక్టరుకి ఫోన్ చేస్తే, కొన్ని గంటలే కాబట్టి మందుకి ఏమీ కాదన్నారు. హమ్మయ్య అనుకున్నా.

కానీ ఆ రాత్రి జమ్మలమడుగు లాడ్జిలో నేను నిద్రపోయాననుకుని నాన్న అమ్మతో అన్న మాట విన్నా. ‘‘ఇంక వాణ్నే తిరగనీ. మనం ఇంట్లో ఉందాం. నా సూదిమందు కోసం వాడికెందుకీ తిప్పలు?’’

బ్యాటరీ పోయినందుకు కాదు గానీ, ఆ మాటకి కళ్లు తడిశాయి. ఇన్నేళ్లూ అందర్నీ ఊళ్లు చేర్చిన మనిషి, ఇప్పుడు తనే నాకు బరువైపోయానని అనుకుంటున్నారు!

వెనక్కి రాగానే విజయవాడ ఆటోనగర్ వెళ్లా. నాన్నకి తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు, బాబాయ్ అని పిలుస్తా. అంతా విని, ‘‘ఇంటద్దె డబ్బులూ సినిమా డబ్బులూ ఒకే జేబులో పెట్టుకుంటే ఏమవుద్దిరా?’’ అన్నారు. నాకు డ్యూయల్ బ్యాటరీ అర్థమైంది ఆ ఒక్క మాటతోనే.

బండిలో ఉండే బ్యాటరీ పని ఇంజిన్‌ని లేపడం. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇస్తుంది, తర్వాత ఇంజిన్ నడుస్తుంటే మళ్లీ నిండుతుంది. లోపలి ప్లేట్లు పలచగా ఉంటాయి. రాత్రంతా కొంచెం కొంచెంగా పీలిస్తే ఖాళీ అవ్వడమే కాదు, తొందరగా పాడైపోతుంది కూడా. కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు. ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు, ఫోన్లు అన్నీ రెండో బ్యాటరీ మీద నడవాలి.

ఎంత బ్యాటరీ కావాలి? ఇద్దరం కాగితం మీద లెక్కేశాం. నా ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు తీసుకుంటుంది, కానీ ఆగి ఆగి నడుస్తుంది. ఎండాకాలం రోజుకి 40 ఆంపియర్ అవర్లు అనుకున్నాం. మిగతావన్నీ కలిపి ఇంకో 20. మొత్తం 60. మామూలు లెడ్ యాసిడ్‌ది 100 కొన్నా, అది ఎక్కువకాలం బతకాలంటే సగమే వాడుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 దాకా నిశ్చింతగా వాడొచ్చు. ఖరీదెక్కువ, బరువు తక్కువ. జేబు కాస్త కాలినా అదే తీసుకున్నా.

అయితే లిథియంని నేరుగా ఆల్టర్నేటర్‌కి, అదే మన మెకానిక్కులు అనే డైనమోకి, కలిపేయకూడదు. దాహంతో ఉన్న ఎద్దులా ఒక్కసారిగా కరెంటు లాగేస్తుంది, డైనమో వేడెక్కి కాలిపోవచ్చు. అందుకే మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. నాది 20 ఆంపియర్లది. అంటే మూడు గంటలు బండి నడిస్తే ముందురోజు వాడిన 60 వెనక్కి వచ్చేస్తాయి. ఇంజిన్ ఆగగానే రెండు బ్యాటరీల మధ్య దారి తెగిపోతుంది. ఈ పనంతా అసలు ఆ తెగిపోవడం కోసమే.

వైరింగ్ నేనే చేస్తానని పంతం పట్టి, ఇక్కడ ఇంకో తప్పు చేశా. ఇంట్లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేసేశా. బండి స్టార్ట్ చేసి పావుగంట కాలేదు, పక్కనే స్టూలు మీద కూర్చున్న నాన్న వైరు మీద చెయ్యి పెట్టి, ‘‘ఒరేయ్, ఇది కాలుతోంది’’ అన్నారు. ముందు బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా 5 మీటర్లు. పోనూ రానూ కలిపి ఆ సన్నటి వైరు దాదాపు 1.7 వోల్టులు తినేస్తోంది. బాబాయ్ అది పీకేసి 16 స్క్వేర్ ఎంఎం వేశారు. ఇప్పుడు పోయేది పావు వోల్టే. ఆ వైరుకి రెండు బ్యాటరీల దగ్గరా, ప్లస్ టెర్మినల్‌ని ఆనుకునే, ఒక్కో ఫ్యూజు పెట్టారు. ‘‘ఫ్యూజు చార్జర్ కోసం కాదురా, వైరు కోసం. ఎక్కడన్నా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలే’’ అన్నారు. రెండో బ్యాటరీని ఇంజిన్ వేడి తగలకుండా సీటు కింద బెల్టుతో బిగించారు.

మీరూ ఇలాంటి ప్లాన్‌లో ఉంటే నాలా వైరు దగ్గర పిసినారితనం చేయకండి. వ్యాన్ కొత్తదైతే వారంటీ, ఇన్సూరెన్స్ సంగతి ముందే కనుక్కోండి.

ఇక అసలు పరీక్ష నాన్నని బయల్దేరదీయడం. ‘‘ఎందుకులేరా’’ అన్నారు. ‘‘వైరు కాలుతోందని కనిపెట్టింది నువ్వేగా, నువ్వు లేకుండా ఎలా?’’ అన్నా. ఏమీ అనకుండా లోపలికెళ్లి సంచి సర్దుకున్నారు.

వానాకాలంలో మారేడుమిల్లి వెళ్లాం. రాత్రంతా వాన, కప్పల అరుపులు. తెల్లవారుజామున మెలకువ వస్తే నాన్న టార్చిలైటు వేసి చూస్తున్నారు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు. రెండో బ్యాటరీలో ఇంకా సగానికి పైనే ఉంది. ముందు బ్యాటరీ 12.6. తాళం నాన్న చేతికే ఇచ్చా. ఒక్క తిప్పుడికి ఇంజిన్ అందుకుంది. నాన్న నా వైపు చూసి, ‘‘మళ్లీ ఎటు?’’ అన్నారు.

ఆ ప్రశ్న కోసమే కదా ఇంత డబ్బూ, ఇంత వైరూ!

ఆ సాయంత్రం రాజమండ్రి దారిలో టీ కొట్టు దగ్గర బండి ఆపబోతుంటే మళ్లీ మొదలుపెట్టారు. ‘‘కాస్త ముందుకి పోనీ, అక్కడ వాలుంది.’’

‘‘ఇప్పుడు రెండు బ్యాటరీలు ఉన్నాయిగా నాన్నా?’’

‘‘ఉంటే ఉన్నాయ్. వాలులో ఆపితే నీ సొమ్మేం పోయింది?’’

నేను ఈసారి నవ్వలేదు. బండి ముందుకి పోనిచ్చి వాలులోనే ఆపా.