చేవెళ్ళనుండి కోఠీకి

మా యమ్మాయి డిగ్రీలో జేరినది. పుస్తకముల పట్టిక చూడగా, బడిపంతులుగారి జీతములో నెచ్చట మిగిల్తుమో తోచకుండెను. శనివారము చేవెళ్ళలో బస్సెక్కితిమి. 2023 డిసెంబరునుండి పల్లెవెలుగులో స్త్రీలకు ఛార్జీ లేదు గదా. ఆ పైకమును పుస్తకముల పద్దునకే చేర్చితిమి.

మఱ్ఱులు దాటి మొయినాబాదు చేరగా, ప్రక్కన గూర్చున్న కళాశాల విద్యార్థిని, “అమ్మా, పాతవి కొనుడు గాని సిలబసు కాగితముతో సరిచూచుకొనుడు” అనెను. సోదరీమణులారా, ఆ కాగితమును మేము భాగవతములో దాచి యింటనే విడిచితిమి!

కోఠీలోని పాతపుస్తకముల యంగళ్ళలో మూడింటిని సగము ధరకు బేరమాడితిమి. ఇంటికి వచ్చి చూతుము గదా, ఒకటి 2016లో సెమిస్టరు పద్ధతి రాకమున్ను అచ్చైనది. కావలసిన రెండధ్యాయములు లేవు. రెండువందలు నీళ్ళపాలు. అమ్మాయి కళాశాల గ్రంథాలయపు ప్రతి తెచ్చినది. రాత్రులు మేము చదువుచుండ, తాను వ్రాసికొనుచున్నది.