గూడుబండి, కాటా చీటీ

అమెరికాలో ఇద్దరు తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళు కలిస్తే మొదటి పది నిమిషాల్లో మూడు ప్రశ్నలు తప్పవు. ప్రయారిటీ డేటు ఎప్పుడు, ఇల్లు కొన్నారా, కారేంటి? మొదటి రెండింటికీ నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. మూడోదానికి ఉంది గానీ, అది విన్నాక అవతలివాళ్ళు నావంక కాస్త జాలిగా చూస్తారు. నాది 2003 నాటి టొయోటా టకోమా పికప్పు. దాని వీపు మీద ఓ పాప్-అప్ కేంపరు.

కేంపరంటే తెలీనివాళ్ళకి: మన ఊళ్ళలో తిరిగే టాటా ఏస్ ట్రాలీ మీద ఓ చిన్న గది కూర్చోబెట్టారనుకోండి. అందులో మంచం, రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, నీళ్ళ టాంకు. రోడ్డు మీద పోయేటప్పుడు పైకప్పు కిందకి దించేస్తాం. ఆగాక పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలొస్తాయి, ఆరడుగుల మనిషి నిటారుగా నిలబడొచ్చు. ఫోన్లో మా అమ్మకి ఇదంతా వివరిస్తే, "అంత చదువూ చదివింది ట్రాలీలో పడుకోడానికా?" అంది. మా అమ్మమ్మకి మాత్రం ఒక్క ముక్కలో అర్థమైపోయింది. "గూడుబండి కదూ! తిరణాలకి అందులోనే పోయేవాళ్ళం. దాని పక్కనే వండుకుని, దాంట్లోనే పడుకునేవాళ్ళం" అంది. అప్పట్నించీ మా ఇంట్లో దాని పేరు గూడుబండే.

పాత బండి ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అని అడుగుతారు. చిన్న పికప్పులు అమెరికాలో దాదాపు మాయమైపోయాయి. కథ కోడిమాంసంతో మొదలైంది, నిజంగానే! అమెరికా కోళ్ళ మీద యూరప్ వాళ్ళు సుంకం పెంచితే, అందుకు బదులుగా 1963 చివర్లో ప్రెసిడెంట్ జాన్సన్ బయట్నించి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. 'చికెన్ టాక్స్' అని దానికి పేరు. కోళ్ళ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, ఆ పన్ను మాత్రం ఇంకా పోలేదు. దానికి తోడు 2011 తర్వాత మైలేజీ నిబంధనలు బండి సైజుని బట్టి లెక్కగట్టడం మొదలెట్టాయి. పెద్ద బండికి సులువు నిబంధన, చిన్న బండికి కఠినం. ఫోర్డ్ రేంజర్‌ని అమెరికాలో 2011లో ఆపేసి, 2019లో తిరిగి తెచ్చినప్పుడు అది చిన్నది కాదు, మధ్యరకం. అందుకే ఇరవయ్యేళ్ళ నాటి చిన్న పికప్పుకి ఇప్పటికీ మంచి రేటు పలుకుతుంది.

ఇహ అసలు సంగతి. చిన్న పికప్పు మీద కేంపరు పెట్టుకున్నవాడికి జీవితమంతా ఒక్కటే లెక్క, బరువు. డ్రైవరు తలుపు దగ్గర ఓ స్టిక్కరుంటుంది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంత దాటకూడదని దాని మీద రాసుంటుంది. నా బండికి దాదాపు 5,100 పౌండ్లు. ఇప్పుడు కూడండి. టాంకు నిండా పెట్రోలుతో బండి 3,550. ఖాళీ కేంపరు 900. నేనూ మా ఆవిడా కలిపి 310 (ఆవిడ వాటా చెప్పడానికి అనుమతి లేదు). పది గేలన్ల నీళ్ళు 83. పాత లెడ్ బ్యాటరీ 65. ఫ్రిజ్జు 50. గ్యాసు సిలిండరు 25. బట్టలు, బియ్యం, పప్పులు, గిన్నెలు 120. కాగితం మీదే 5,100 దాటింది చూశారా? ఎస్‌యూవీ అంత కనిపించే బండికి ఇంతేనా అనిపిస్తుంది. అంతే మరి.

కాగితం లెక్క ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, నిజం కాటా మీదే తేలుతుంది. హైవేల పక్కన లారీలాగే చోట్ల కాటాలుంటాయి, ఎవరైనా తూకం వేయించుకోవచ్చు. ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత అని విడివిడిగా చీటీ ఇస్తారు. పద్దెనిమిది చక్రాల లారీల వరసలో మా గూడుబండిని నిలబెడితే వెనకున్న లారీ డ్రైవరు నవ్వాడు గానీ ఏమీ అనలేదు. చీటీలో 5,180. కొన్న మూడో వారంలో తీయించిన ఆ చీటీ ఇప్పటికీ డాష్‌బోర్డులో ఉంది.

ఇక్కడ చాలామంది చేసే పని వెనక ఎయిర్‌బ్యాగులు బిగించడం. అప్పుడు బండి వెనక్కి వాలకుండా నిటారుగా కనిపిస్తుంది. కానీ దాంతో బండి మొయ్యగల బరువు ఒక్క పౌండు కూడా పెరగదు. ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే. స్ప్రింగు మారితే వాలకం మారుతుంది, సత్తా మారదు. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం దాటితే 11 వేల అడుగుల ఎత్తు నించి కిందకి దిగాలి. అక్కడ బరువుని ఆపాల్సింది బ్రేకులూ, తక్కువ గేరులో ఉన్న ఇంజనూ. ఎయిర్‌బ్యాగు కాదు.

అందుకని మా మార్పులన్నీ తీసివేతలే. లెడ్ బ్యాటరీ బదులు లిథియం పెడితే 38 పౌండ్లు తగ్గింది. పాత ఓనరు ప్లైవుడ్డుతో కట్టిన అలమర పీకేసి గుడ్డ సంచులు తగిలిస్తే 45. ఇనప పెనం ఇంట్లో పెడితే 8. నీళ్ళు పది గేలన్ల బదులు ఆరు నింపితే 33. మళ్ళీ కాటా ఎక్కితే 5,060. మనం కోడ్ రాసేటప్పుడు కొత్త ఫీచరు అడిగేవాళ్ళే తప్ప ఉన్నది తీసెయ్యమనేవాడు ఒక్కడూ కనపడడు. ఇక్కడ మాత్రం ఏదైనా లోపలికి రావాలంటే ఇంకోటి బయటికి పోవాల్సిందే.

రెండో శత్రువు నీరు. పాత కేంపరు కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఇంజను కాదు, మూలలు. బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగబడితే లోపల చెక్క కుళ్ళినట్టే. మాదాంట్లో మంచం కింద ఓ మూల టీలో ముంచిన బిస్కెట్టులా ఉండేది, అది చూపించే ధర తగ్గించుకున్నాను. నీళ్ళ లీకుతో చిక్కేంటంటే అది కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. ఎర్రర్ ఒక మాడ్యూల్లో వస్తుంది, బగ్గు ఇంకో మాడ్యూల్లో ఉంటుంది కదా, సరిగ్గా అలాగే. పైన గాలిగుమ్మం చుట్టూ ఉన్న స్క్రూల దగ్గర దూరిన నీరు ఫ్రేము వెంబడి నాలుగడుగులు ప్రయాణం చేసి ఈ మూలలో తేలింది. మా ఆవిడ పైపుతో ఒక్కో జాయింటు మీద ఐదేసి నిమిషాలు నీళ్ళు పోస్తూ, నేను లోపల టార్చిలైటుతో కూచుని కనిపెట్టాం. కుళ్ళిన చెక్క కోసేసి, కొత్త ప్లైవుడ్డు వేసి, కింద బ్యూటైల్ టేపు, పైన కప్పు కోసమే చేసే సీలెంటు పూశాం. ఎవరు చెప్పినా సిలికాన్ మాత్రం పూయకండి. ఒకసారి పూస్తే తర్వాత దాని మీద ఏదీ అంటుకోదు, ఆఖరికి ఇంకో పొర సిలికాన్ కూడా సరిగా అంటుకోదు. అప్పట్నించీ ఏడాదికి రెండుసార్లు నిచ్చెనేసుకుని పైకప్పు చూసుకుంటాం.

కరెంటు సంగతి ఇంజనీర్లకి ఇష్టమైనది కాబట్టి కొంచెం చెప్తాను. వంద ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 1,280 వాట్-అవర్లు. అదే సైజు లెడ్ బ్యాటరీలో సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రిజ్జు రోజుకి 400 తింటుంది. 500 వాట్ల రైస్ కుక్కరు అరగంటకి 250. లైట్లు, ఫోన్లు ఓ వంద. రోజుకి 750 అన్నమాట. వంద వాట్ల మడత సోలార్ పలక మంచి ఎండలో 400 దాకా ఇస్తుంది, మిగతాది బండి నడిచేటప్పుడు వస్తుంది. పలకని పైకప్పుకి బిగించలేదు. ఆ బరువు రోజూ మనమే పైకి లేపాలి, పైగా బండి ఎండలో ఉండాలి. నేలమీద పెడితే పలక ఎండలో, మనం నీడలో. రెండు జాగ్రత్తలు: బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు లిథియంని ఛార్జి చెయ్యకూడదు. కొలరాడోలో అక్టోబరు రాత్రులకే ఆ చలి వస్తుంది. అందుకే మా బ్యాటరీ బయట డబ్బాలో కాదు, మంచం పక్కన మాతోపాటే పడుకుంటుంది.

తెలుగువాళ్ళకి ఇక్కడివాళ్ళెవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి. తొమ్మిది వేల అడుగుల ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకదు, ప్రెషర్ కుక్కరు తీసుకెళ్ళాల్సిందే. కానీ నాలుగు విజిళ్ళ ఆవిరి ఆ గుడ్డ గోడల మీద చెమ్మయి, తెల్లారేసరికి దుప్పటి మీద బొట్లు బొట్లుగా పడుతుంది. గాలిగుమ్మం తెరిచి వండాలి. తాలింపు మాత్రం బయటే. ఎండుమిరపకాయ వెయ్యగానే పొగ అలారం ఊళ్ళో అందరికంటే ముందు దగ్గుతుంది. :) ఆ అలారంనీ, కార్బన్ మోనాక్సైడ్ అలారంనీ మోత భరించలేక పీకేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. తాలింపు గరిటెనే బయటికి పంపండి.

గతేడాది ఎండాకాలం మా నాన్న వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పయ్యేళ్ళు మెకానిక్. రోజూ ఇంటికొచ్చి ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కునేవారు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. నన్ను మెకానికల్ ఇంజనీరింగ్ చదివించారు గానీ, ఒక్కరోజు కూడా డిపోకి తీసుకెళ్ళలేదు. నాలుగేళ్ళు బెండింగ్ మూమెంట్ డయాగ్రాములు గీసి, పానా పట్టకుండానే సాఫ్ట్‌వేర్‌లో చేరాను. ఆయన కోరుకున్నది సరిగ్గా అదే. ఇక్కడికొచ్చి బండి కింద చాప పరిచి పడుకున్న నన్ను చూసి, "నీ చేతులకి ఈ నలుపు అంటకూడదనే కదరా అంత కష్టపడింది" అన్నారు. కోపంగా కాదు. నాకేం చెప్పాలో తెలీలేదు.

ఆ రోజు వెనక కమాన్ కట్టల పని. ఓ స్ప్రింగు ఆకు అదనంగా కలిపించాను. సత్తువ పెరగడానికి కాదు, ఇరవయ్యేళ్ళకి సాగిలపడిన కట్ట మళ్ళీ ఆకారానికి రావడానికి. కొత్త ఆకు వేశాక కొన్ని వందల మైళ్ళకి కట్ట సర్దుకుంటుంది, అప్పుడు యూ-బోల్టులు మళ్ళీ బిగించాలి. నా దగ్గర టార్క్ రెంచి ఉంది. నాన్న కాసేపు చూసి, తనూ కిందకి దూరి, చిన్న పానాతో నట్లని ఒక్కోటీ తట్టారు. "ఎడం పక్క వెనకది. దాని గొంతు వేరేగా ఉంది" అన్నారు. రెంచి పెట్టి చూస్తే మిగతావి పావు చుట్టు లోపే క్లిక్కుమన్నాయి, అదొక్కటీ ముప్పావు చుట్టు తిరిగింది.

బండికి ఏ పని చేసినా తేదీ, మైళ్ళు ఓ పుస్తకంలో రాస్తాను. ఆ సాయంత్రం నాన్నే ఆ పుస్తకం అడిగి తీసుకుని, నా ఇంగ్లీషు ఎంట్రీల కింద తెలుగులో రాశారు: యూ-బోల్టులు బిగించాము. బిగించాము అని.

ఈ బండి లాభమా నష్టమా అంటే డబ్బు లెక్కలో నష్టమే. దీని మీద పెట్టిన డబ్బుతో ఏడాదికి రెండు వారాలు హోటళ్ళలో హాయిగా ఉండొచ్చు. నా వాదన వేరే. పోయిన చలికాలం మా టీములో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. ఒకతను ఇల్లు కొని ఏడాది కాలేదు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు గడువు, 2017 నించీ అదే నిబంధన. (ఇక్కడి ప్రభుత్వ భూముల్లో కేంపింగుకి ఒకేచోట మామూలుగా 14 రోజులు. ఆ లెక్కన మన పరిస్థితి కాస్త నయం!) ఆ ఇద్దరి సంగతి తెలిశాక మా ఆవిడా నేనూ ఒక రాత్రి కూచుని ఏం అమ్మాలి, ఎన్నాళ్ళు పడుతుంది అని జాబితా రాసుకున్నాం. గూడుబండి ముందు రాశాం. రెండు శనివారాల్లో పోతుంది. అమ్మాల్సొస్తే అమ్మేస్తాం. రాసేటప్పుడు ఆవిడ పెన్ను కాసేపు ఆగింది, అంతే.

నేను చూసినంతలో మనలో చాలామంది ఈ 60 రోజుల భయంతో అన్నిటినీ వాయిదా వేస్తుంటారు. గోడకి మేకు కొట్టరు, కుండీలో మొక్క పెట్టరు, చేతిపని నేర్చుకోరు. గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దాం అంటారు. ఇండియావాళ్ళ క్యూలో ఆ 'వచ్చాక' అంటే ఏ వయసో మీకూ తెలుసు. ఎన్నాళ్ళుంటామో తెలీదు కాబట్టి ఏదీ పట్టించుకోనక్కర్లేదు అనేది నాకు నచ్చని తర్కం. ఎన్నాళ్ళున్నా, ఉన్నన్నాళ్ళూ కప్పు కారకూడదు కదా. రేపు ఈ బండి ఇంకొకడి చేతికి పోయినా నట్లు బిగుతుగానే పోవాలి, పుస్తకం కూడా దాంతోపాటే ఇస్తాను. తెలుగులో రాసిన ఆ ఒక్క పేజీ మాత్రం చింపి దాచుకుంటాను.

కొనాలనుకునేవాళ్ళకి చివరి మాట. బ్రోషరు నమ్మకండి, తలుపు మీద స్టిక్కరు చదవండి. మూలలు నొక్కండి. కొన్నాక మీ సామానూ, మీ ఆవిడా, నీళ్ళూ అన్నీ ఎక్కించుకుని కాటా మీదకి పోండి. మంచు పడేలోపు పైకప్పు సీలు చూసుకోవాలి, ఈ శనివారం మా పని అదే.