చుక్కల మందుపై నిషేధం – చెల్లించినది ఎవరు?

మతఛాందసం వలన సమాజానికి కొంత మేలు కూడా కలుగుతున్నది కదా, దానిని లెక్కలోకి తీసుకోరేమని ఒక మిత్రుడు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నియమబద్ధమైన జీవనం, ఆపదలో తోటివారిని ఆదుకొనడం, మద్యానికి దూరంగా ఉండడం ఆ వర్గాలలో కనిపిస్తాయి. కాలేయ రోగులను ఏళ్ల తరబడి చూసిన నాకు ఆ చివరి దాని విలువ బాగా తెలుసు.

అయినా ఒక్క జబ్బు లెక్క చూడండి. 2003లో నైజీరియాలోని కానో రాష్ట్రంలో, పోలియో చుక్కలలో సంతానం కలుగనివ్వని మందు కలిపారని కొందరు మతనాయకులు ప్రచారం చేశారు. రాష్ట్ర ప్రభుత్వమే కార్యక్రమాన్ని ఆపివేసింది. అనుమానానికి ఆధారం బొత్తిగా లేదనను. 1996లో అక్కడి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) సోకిన పిల్లలపై ఒక విదేశీ మందుల కంపెనీ జరిపిన ప్రయోగాన్ని ప్రజలు మరువలేదు. కాని ఆ అనుమానాన్ని దైవాజ్ఞగా మార్చినది ఛాందసమే. ముస్లింలు అధికంగా గల ఇండొనేషియాలో తయారైన టీకా తెప్పించాకగాని, 2004లో, ప్రతిష్టంభన తొలగలేదు. ఈలోగా వైరస్ సుడాన్, సౌదీ అరేబియాల మీదుగా ప్రయాణించి, 2005లో ఆ ఇండొనేషియాకే చేరి దాదాపు 300 మంది పిల్లలను పక్షవాతానికి గురిచేసింది. నిషేధించినవారి కాళ్లు మాత్రం చక్కగానే ఉన్నాయి.

ఇది ఒక్క మతం కథ కాదు. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకొనడం దైవసంకల్పాన్ని శంకించడమేనని నమ్మే ప్రొటెస్టంటు సమాజాలలో 1992–93లో పోలియో సోకి 71 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు.

భక్తిని నేను తప్పు పట్టడం లేదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో శతాబ్దం క్రితం కుష్ఠు రోగులకు ఆసుపత్రి నెలకొల్పిన ఇసాబెల్ కెర్ క్రైస్తవ మిషనరీయే. ఉత్తరప్రదేశ్‌లోనూ కానో వంటి వదంతులే వ్యాపించినపుడు, మసీదు మైకుల నుండే చుక్కలు వేయించండని పిలుపు వినిపించింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. ఆ సేవకు విశ్వాసం చాలింది, ఛాందసం అవసరపడలేదు.

మూఢనమ్మకం కూడా వేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే రోజులలో, తట్టు వచ్చిన మనుమరాలికి మందు వద్దని ఒక అవ్వ అడ్డుపడింది.

"అమ్మవారు పోసింది డాక్టరు బాబూ, మందేస్తే తల్లికి కోపమొస్తది."

"వేపమండలు కట్టు, తల్లికి దండం పెట్టుకో అవ్వా. ఈ విటమిన్ చుక్కలు కూడా తాగించు, తల్లి ఏమీ అనదు."

కాసేపు నా ముఖం, కాసేపు పిల్ల ముఖం చూసి, చివరకు తనే బిడ్డ నోరు తెరిచింది. ఎదుట బిడ్డ ఉన్నది కనుక ఆమె మెత్తబడింది. ఎక్కడో కూర్చుని నిషేధం ప్రకటించేవానికి ఏ బిడ్డా కనిపించదు.

పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ వైరస్ నేటికీ తిరుగుతున్నది. మనకు పల్స్ పోలియో ఆదివారాలు ఇంకా అవసరమైనది అందుకే. మీ ఇంట ఐదేళ్ల లోపు బిడ్డ ఉంటే ఆ రోజు తప్పక తీసుకువెళ్లండి.