సంతకం నాది, విమానం వాళ్లది

డాలస్ చుట్టుపక్కల చిన్న ఎయిర్‌పోర్టుల్లో విమానాలు బాగుచేస్తుంటాను. ఫ్యాక్టరీలో తయారైనవీ వస్తాయి, గ్యారేజీలో సొంతంగా కట్టుకున్నవీ వస్తాయి. స్పానర్లు రెంటికీ అవే. కాగితాలు వేరు.

ఫ్యాక్టరీలో తయారైన సెస్నా 172 సంగతే చూడండి. 1955లో అమెరికా ప్రభుత్వం ఆ డిజైనుకి టైప్ సర్టిఫికెట్ ఇచ్చింది. ఏడాదికోసారి నా చేతికొచ్చినప్పుడు బాగా ఎగురుతోందంటే సరిపోదు, ఆ డిజైన్ ప్రకారమో, ఆ తర్వాత అనుమతి పొందిన మార్పుల ప్రకారమో ఉండి తీరాలి. "అన్నా, కార్ల షాపులో ఇలాంటి ఆల్టర్నేటరే పావు ధరకి ఇస్తున్నాడు" అంటారు మనవాళ్లు. ఇస్తాడు తమ్ముడూ, దాంతోపాటు అది విమానానికి పెట్టొచ్చన్న కాగితం ఇస్తాడా?

ఈ చాదస్తం ఊరికే రాలేదు. సెస్నాలో ముందు సీటు ఒక పట్టా మీద జరుగుతుంది. పట్టాకి వరుసగా రంధ్రాలుంటాయి, సీటు పిన్ను వాటిలో దిగి కూర్చుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుండ్రటి రంధ్రం అరిగి కోలగా అవుతుంది. టేకాఫ్‌లో పిన్ను ఊడిందంటే సీటు వెనక్కి జారుతుంది. పైలట్ చేతిలో ఉన్న యోక్‌ని, అంటే విమానం స్టీరింగ్‌ని, పట్టుకునే వెనక్కి పోతాడు, విమానం ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ప్రాణాలు పోయాకే అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ నుంచి ఆదేశం వచ్చింది. 100 గంటలకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు టార్చి పట్టుకుని ఆ రంధ్రాల్ని చూడాల్సిందే.

సొంతంగా కట్టిన విమానానికి టైప్ సర్టిఫికెట్ ఉండదు. సగానికి పైగా పని సరదాకో, నేర్చుకోడానికో కట్టుకున్నవాళ్లే చేసుండాలి. వాన్స్ ఆర్‌వీ కిట్ కట్టేవాళ్లు రివెట్టు రివెట్టుకీ ఫొటో తీసి పెట్టుకునేది అందుకే. ఇన్‌స్పెక్టర్ ఆ రికార్డులూ, విమానం స్థితీ చూసి ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్ ఇస్తాడు. డిజైన్ మంచిదని ప్రభుత్వం పూచీ పడినట్టు కాదది. ఆ తర్వాత మామూలుగా 25 గంటలో 40 గంటలో నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగిరి పరీక్షించుకోవాలి. లోపల మాత్రం, ఇది మామూలు విమానాల భద్రతా నిబంధనలకు లోబడినది కాదని ఎక్కేవాళ్లకి కనబడేలా బోర్డు ఉండాలి. నా కస్టమర్ల భార్యలు చాలామంది అది చదివి ఆగిపోయారు.

అంతమాత్రాన సర్టిఫైడ్ అంటే మేలు, మిగతాది నాసి అని నేననను. గ్యారేజీ విమానాల్లో చవకైన డిజిటల్ తెరలు వెలుగుతుంటే, పక్క హ్యాంగర్లో సెస్నాలు పాత గైరో మీటర్లతో నెట్టుకొచ్చాయి. 2016లో సొంత విమానాలు కట్టేవాళ్ల సంఘం ఈఏఏ పూనుకుంటేనే డైనాన్ డి10ఏ లాంటి చిన్న తెరకి సెస్నాల్లో దారి దొరికింది.

తంటా అంతా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లతోనే. కట్టినాయనకి తన విమానాన్ని ఏటా తనిఖీ చేసి సంతకం పెట్టే రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఇస్తారు. విమానం అమ్మినా అది కొన్నవాడికి బదిలీ కాదు. కొన్నవాడు నా దగ్గరికొస్తాడు, బిల్లు చూసి "సర్టిఫైడ్ కాదుగా, తక్కువలో తేలుతుందనుకున్నా" అంటాడు. సెస్నాకైతే మాన్యువల్లో ఏ వైరు ఎటు పోతోందో ఉంటుంది. ఇక్కడ కట్టినాయన పోయాడు, బొమ్మ గీసిపెట్టలేదు. డాష్‌బోర్డు వెనక తెల్ల వైర్లు, అన్నీ తెల్లవే, లేబుల్ ఒక్కదానికీ లేదు. ఒక్కొక్కటీ మీటరు పెట్టి వెతుక్కోవాలి. ఆ గంటలకే ఆ బిల్లు.