ఇల్లు కట్టువానికి ఇల్లేది?



మీ యూరినుండి పట్టణమునకు కూలికి పోయినవారు ఎందరో కలరు. వారిలో ఎందరు అక్కడ సొంత యిల్లు కట్టుకొనిరి? వ్రేళ్లమీద లెక్కించి చూడుడి. చాలమందికి ఒక చేతి వ్రేళ్లు చాలును.

కష్టపడువాడు ఎట్లయినను ఒక గూడు కట్టుకొనునని మన పెద్దలు చెప్పుచుండిరి. ఆ మాట ఇప్పుడెంతవరకు నిలుచునో చూతము. రోజుకు 600 రూపాయల కూలి, నెలకు 20 దినముల పని దొరికినదనుకొనుడి. చేతికి వచ్చునది 12,000. గది అద్దెకు 4,000, తిండికిని మందులకును బిడ్డల చదువుకును 7,000 పోగా మిగులునది 1,000. పట్టణపు పొలిమేరలో 10 లక్షల రూపాయల స్థలము కొనవలెనన్న, వాడు 83 సంవత్సరములకు పైగా కూడబెట్టవలెను. అంతవరకు ఆ ధర వానికొరకు కాచుకొనియుండునా?

మా సంఘములో ఒక తాపీమేస్త్రి కలడు. ఇరువది ఏండ్లుగా హైదరాబాదులో పెద్ద భవనములు కట్టుచున్నాడు. తాను మాత్రము పని జరుగుచోటనే రేకుల షెడ్డులో కాపురముండును. పని ముగిసిన దినమున ఆ షెడ్డు విప్పివేయుదురు. క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు నాతో ఇట్లనెను: “అయ్యగారూ, మేము కట్టిన ఇళ్లన్నీ అమ్ముడుపోయినాయి. కాని రాత్రిపూట చూస్తే సగం కిటికీల్లో దీపం ఉండదు. కొన్నవాళ్లు ఉండటానికి కొనలేదంట.”

అతని మాటకు ప్రభుత్వపు లెక్కలే సాక్ష్యము. 2011 జనాభా లెక్కలలో మన దేశపు పట్టణములలో సుమారు 1 కోటి 11 లక్షల ఇండ్లు ఖాళీగా నున్నట్లు తేలెను. మరుసటి సంవత్సరమే, పట్టణములలో 1 కోటి 87 లక్షల ఇండ్ల కొరత కలదని ప్రభుత్వము నియమించిన నిపుణులు తెలిపిరి. ఆ కొరతలో నూటికి 95 పాళ్లకు పైగా పేదలదియు, స్వల్పాదాయము గలవారిదియునే. ఇటుకలకు కొరత లేదు, మేస్త్రీలకు కొరత లేదు. ధనము మిగిలినవాడు ధాన్యము దాచినట్లు ఇంటిని దాచి, ధర పెరుగువరకు తాళము వేయుచున్నాడు. 2022–23లో దేశ సంపదలో నూటికి 40 పాళ్లు, జనులలో నూటికొక్కరి చేతిలో నుండెనని ఆర్థిక శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించిరి.

చట్టము రాకపోలేదు. పట్టణములలో ఒకని చేతిలో మితిమించిన భూమి యుండరాదని 1976లో భూపరిమితి చట్టము చేసిరి. మినహాయింపుల మీద మినహాయింపులు పుట్టగా, ప్రభుత్వము చేతికి వచ్చిన భూమి కొంచెమే. 1999లో కేంద్రము దానిని రద్దుచేసెను. 2008లో ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును అంగీకరించెను.

నాబోతు కథ మీరెరుగుదురు. అతని ద్రాక్షతోట పోయినది అహాబు ఆశవలన మాత్రమే కాదు. యెజెబెలు పంపిన తాకీదును ఊరి పెద్దలు అందుకొనిరి, ఉపవాసము చాటించిరి, అబద్ధ సాక్షులను నిలువబెట్టిరి. వారందరు అతనితో ఒకే ఊర కాపురమున్నవారే. ఐశ్వర్యవంతుని బలములో సగము వాని పెట్టెలో నుండును, సగము మన సంతకములో నుండును.

కాబట్టి కోటీశ్వరుని నిందించి ఊరకుండకుడి. గ్రామసభలో ఇండ్ల జాబితా చదువునప్పుడు పోయి కూర్చుండుడి. గుడిసెవాని పేరు తప్పిపోయి మేడవాని పేరు వచ్చినయెడల లేచి చెప్పుడి. పేదలకిచ్చిన స్థలమును కాజేయ వచ్చినవానికి సాక్షి సంతకము చేయకుడి. మీ పొలములో పనిచేసినవాని కూలి ప్రొద్దు గుంకక మునుపే యియ్యుడి. మోషే ధర్మశాస్త్రము అడిగినది అదియే.

ఇవి చిన్న పనులే యని తోచవచ్చును. నాబోతు ఊరి పెద్దలలో ఒక్కడైనను చేయవలసియుండిన పని ఇంతకంటె పెద్దది కాదు.